అలవాటైన ఫిలిము ఆగిపోయినప్పుడు



ధౌలా కువాన్ అనగా తెల్లని బావి అని అర్థము. నేడా పేరు చెప్పినంతనే బావి ఎవరికిని జ్ఞప్తికి రాదు. పాలం విమానాశ్రయమునకు పోవు మార్గమును, రింగు రోడ్డును, దానిపై వంతెనలును, ప్రక్కనున్న కంటోన్మెంటును స్ఫురించును. తెలుగువారికి మాత్రము మరి రెండు గురుతులు కలవు. ఒకటి, 1961లో తిరుమల తిరుపతి దేవస్థానములవారు స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల. రెండవది, రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ధరించిన మెట్రో స్టేషను. ఈ పరిసరములందు ఉద్యోగరీత్యా కాపురముండి బదిలీపై వెడలిన తెలుగు కుటుంబములు ఎన్నియో. అట్టి ఏ కుటుంబపు ట్రంకుపెట్టె తెరచినను, అడుగున పట్టుచీరల ప్రక్కన ఒక బిస్కత్తు డబ్బా కనబడును. అందులో నల్లని నెగెటివులుండును. ఉగాది పచ్చడి పంచుచున్న దృశ్యము, ఇండియా గేటు ముందు చెల్లెండ్రతో నిలబడిన బాలుడు, కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు, తొలిసారి ఢిల్లీ చూడవచ్చిన తాతగారు అందు తలక్రిందులైన వెలుగునీడలలో దాగియుందురు.

ఆ బొమ్మలు తీసిన ఫిలిము నేడు దొరకదు. ఇష్టపడి వాడిన ఫిలిము తయారీ ఆగిపోయినప్పుడు దానిని వాడినవారు ఏమి చేయవలెను, ఏమి చేయనక్కరలేదు అను ప్రశ్నయే నేటి ప్రసంగ విషయము.

ఒక వస్తువు అంగడిలో లేకున్న మరియొకటి కొనుట లోక సహజము. సబ్బు విషయమున అది చెల్లును. ఫిలిము విషయమున అంత సులభము కాదు. పారదర్శకమైన పట్టీపై జిలాటిను పూతలో వెండి లవణముల కణములు పరచియుండును. ఆ కణముల పరిమాణము, వాని అమరిక, అవి ఏ రంగు వెలుగునకు ఎంత స్పందించుననునది ఒక్కొక్క ఫిలిమునకు ఒక్కొక్క తీరుగా నుండును. ఒకటి మేఘములను చక్కగ చూపును. మరియొకటి మనుష్యుల చర్మచ్ఛాయను మృదువుగ చూపును. పది పదునైదేండ్లు ఒకే ఫిలిము వాడినవాడు వెలుగును చూచినంతనే బొమ్మ ఎట్లు వచ్చునో మనస్సులో ఎరుగును. వీణ మారిన వైణికుని వ్రేళ్లు కొంతకాలము తడబడును గదా! ఫిలిము మారిన ఛాయాగ్రాహకుని స్థితియు అట్టిదే. కావున అతని దుఃఖమును వట్టి చాదస్తమని కొట్టివేయరాదు.

మన దేశమున ఈ అనుభవమునకు ముఖ్యోదాహరణము ‘ఇందు’ ఫిలిము. నీలగిరులలోని ఉదకమండలమున కేంద్ర ప్రభుత్వ సంస్థగా హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో ఏర్పడెను. ఫ్రాన్సు దేశపు బౌషే సంస్థ సాంకేతిక సహకారముతో 1967లో ఉత్పత్తి ఆరంభమయ్యెను. ఫిలిముపై పూత పూయుటకు ధూళి లేని గాలియు, చల్లని వాతావరణమును కావలెను. అందుచే కొండమీది పట్టణము అనుకూలమయ్యెను. విదేశీ మారకద్రవ్యము కరవైన ఆ దినములలో వైద్యశాలల ఎక్స్‌రే ఫిలిము, సినిమా ఫిలిము, ఫోటో కాగితము, సామాన్యుల కెమెరాలలో వాడు నలుపు తెలుపు చుట్టలు అచ్చట తయారయ్యెను. అగ్ఫా క్లిక్ కెమెరాలో అట్టి చుట్ట నొకదానిని ఎక్కించి, పండ్రెండు బొమ్మలు పొదుపుగ తీసికొనిన గృహస్థు లెందరో. పండ్రెండవ బొమ్మ తీయుటకు తరువాతి పండుగ వరకు ఆగినవారును కలరు.

అట్టి సంస్థ ఏల నిలువలేకపోయెను? లోకము రంగుల ఫిలిము వైపు మరలినను ఈ కర్మాగారపు బలము నలుపు తెలుపులయందే యుండెను. ఋణభారము పెరిగెను. 1990ల దశకమున దిగుమతులకు ద్వారములు తెరువబడుటతో పోటీ తీవ్రమయ్యెను. ఆ దశకముననే అది ఖాయిలా పరిశ్రమగా ప్రకటింపబడెను. 2003లో మూసివేతకు సిఫారసు జరిగెను. 2014లో ఉద్యోగుల స్వచ్ఛంద విరమణ పథకమునకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపెను. దీనికి తోడు డిజిటలు కెమెరా వచ్చి మిగిలిన ఫిలిము వ్యాపారమును గూడ హరించెను. ఒక ఫిలిము ఆగిపోవుట యనగా అంగడిలో ఒక డబ్బా తగ్గుట మాత్రమే కాదు. గాఢాంధకారములో యంత్రముల ప్రక్కన పనిచేసి, చేతి స్పర్శతో పూత మంచిచెడ్డల నెరిగిన పనివారి విద్యయు దానితో ఆగిపోవును. ప్రభుత్వోద్యోగుల కుటుంబములు ఈ సంగతిని సులభముగ గ్రహింపగలవు.

ఇచ్చట మరియొక కారణమును తెలిసికొనవలెను. ఫిలిము పూయు యంత్రము వెడల్పైన మహా చుట్టలపై ఒక్కసారిగ పూత పూయును. ఏటికి పదివేల మంది కొన్నచో పదివేల చుట్టలే చేయుదుమనుటకు వీలుకాదు. అట్లు చేసినచో వ్యయము భరింపరానిదగును. ఎక్కువ చేసినచో అమ్ముడుపోకమునుపే ఫిలిము పాడగును. అందుచే కొనువారు ఒక మేరకు తగ్గినంతనే, మంచి ఫిలిమైనను ఆగిపోవును. గుణము లోపించి ఆగినవి కొన్నియే.

ప్రపంచమున దీనికి ప్రసిద్ధ నిదర్శనము కోడాక్రోమ్. దీనిని కనుగొన్నవారిద్దరును సంగీత విద్వాంసులగుట వింత. లియొపోల్డ్ మానెస్ పియానో వాద్యకుడు. లియొపోల్డ్ గొడౌస్కీ వయొలిన్ వాద్యకుడు. చీకటిగదిలో గడియారము కానరాకుండుటచే, ఈలపాట పాడుచు కాలమును లెక్కించిరని ప్రతీతి. 1935లో అంగడికి వచ్చిన ఆ ఫిలిమును నిలిపివేయుచున్నట్లు 2009 జూన్ నెలలో కోడాక్ సంస్థ ప్రకటించెను. చివరి చుట్ట స్టీవ్ మెకరీ అను ఛాయాగ్రాహకునకు దక్కెను. అందు ముప్పదియారు బొమ్మలు మాత్రమే. వానిలో కొన్నిటిని ఆయన 2010లో భారతదేశమున తీసెను. రాజస్థానములోని రబారీ ప్రజలును, అమితాబ్ బచ్చన్, ఆమిర్ ఖాన్ మున్నగు నటులును ఆ తుది చుట్టలో చోటు చేసికొనిరి.

కోడాక్రోమ్ కథలో గృహస్థులకు ఒక హెచ్చరిక కలదు. ఆ ఫిలిమునకు రంగులు ఫిలిములో నుండవు. డెవలప్ చేయునప్పుడు వేర్వేరు ద్రావకముల ద్వారా చేర్చవలెను. ఆ పని ఇంటిలో సాధ్యము కాదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రమందలి పార్సన్స్ పట్టణపు ప్రయోగశాల ఒక్కటే తుదకు మిగిలెను. 2010 డిసెంబరు 30వ తేదీతో అదియు ఆ ఫిలిమును స్వీకరించుట మానెను. ఫ్రిజ్‌లో పదిలపరచుకొనిన చుట్టలన్నియు ఆ దినముతో తమ రంగులను కోల్పోయెను. కావున ఫిలిము ఆగిపోవుచున్నదని వినినంతనే ఎన్ని చుట్టలు దొరకునని అడుగుటకు ముందు, దానిని కడుగుట ఇంకెంతకాలము సాగునని అడుగవలెను. నలుపు తెలుపు ఫిలిమునకు ఈ భయము లేదు. సామాన్యమైన డెవలపరును, హైపోయును ఉన్నచో పాత చుట్టను నేడును ఇంటనే కడుగవచ్చును.

ఇష్టమైన ఫిలిము ఆగినప్పుడు జనులు మూడు మార్గముల ననుసరించుచుందురు. మొదటిది నిలువ చేయుట. చల్లదనము ఫిలిము ఆయువును పెంచును. అయినను దానిని చిరంజీవిని చేయదు. వేగము హెచ్చైన ఫిలిము త్వరగ క్షీణించును. నెమ్మదైన నలుపు తెలుపు ఫిలిము ఎక్కువ కాలము నిలుచును. ఫ్రిజ్ నుండి తీసిన చుట్టను వెంటనే విప్పరాదు. కొన్ని గంటలు బయట నుంచి, గదిలోని వేడికి వచ్చిన పిదప విప్పవలెను. లేనిచో తేమ పట్టును. నిలువయందు మరియొక దోషము కలదు. చివరి చుట్టలని తలచి, తగిన సందర్భమునకై దాచి దాచి, తుదకు ఏ బొమ్మయు తీయక పాడుచేసికొనువారు పెక్కురు. మంచి దినమునకై దాచిన పట్టుచీర మడతలలోనే చిరిగిపోయినట్లుండును.

రెండవది కొని నిలుపుట. ఇది వట్టి ఆశ కాదు. ఇంగ్లండులోని ఇల్ఫర్డ్ సంస్థ 2004లో దివాలా అంచునకు రాగా, దాని అధికారులలో కొందరు 2005లో దానిని కొని నిలిపిరి. 2012లో ఆగిన ఎక్టాక్రోమ్ 2018లో తిరిగి వచ్చెను. జపానులో ఫుజీ సంస్థ 2018లో నిలిపిన అక్రోస్ ఫిలిమును, వాడుకదారుల కోరికపై ముడి పదార్థములు మార్చి, 2019లో రెండవ రూపమున తెచ్చెను. విజ్ఞప్తులు వ్రాయుట మంచిదే. కాని మిగిలియున్న ఫిలిములను క్రమముగ కొనువారుండుటయే అన్నిటికంటె బలమైన విజ్ఞప్తి.

మూడవది క్రొత్త ఫిలిమును నేర్చుకొనుట. దీనికి ఓర్పు కావలెను. దినమునకొక ఫిలిము మార్చినచో ఏదియు వశము కాదు. ఒక ఫిలిమును, ఒక డెవలపరును ఎన్నుకొని కొన్ని నెలలు వానినే వాడవలెను. ఒకే దృశ్యమును, ఒకే వెలుగులో, తగినంత కాంతితో ఒకటియు, హెచ్చుగ ఒకటియు, తక్కువగ ఒకటియు తీసి పుస్తకమున వ్రాసికొనవలెను. ఢిల్లీలో ఋతువును గూడ వ్రాసికొనుట అవసరము. డెవలపరు సాధారణముగ ఇరువది డిగ్రీల వేడిలో పనిచేయవలెను. మే నెలలో మిద్దెమీది తొట్టినీరు అంతకు మిక్కిలి వేడిగ నుండును. పాత్రను మంచునీటి పళ్లెములో నుంచుట తప్పదు. ఈ మెలకువలు తెలియక, ఫిలిము మంచిది కాదని నిందించువారు ఎక్కువ.

అయితే ఈ మూడు మార్గములును ఇకముందు తీయబోవు బొమ్మలకు సంబంధించినవి. అసలు విలువైనది ఇదివరకే తీసియున్నది. నిజమైన ప్రమాదము అచ్చట నున్నది.

రాజా దీన్‌దయాళ్ వృత్తాంతము తలచుకొనవలసినది. ఆయనయు మొదట ప్రభుత్వోద్యోగియే. ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖయందు పనిచేయుచు 1870ల దశకమున ఛాయాచిత్రకళ నభ్యసించి, పిదప సికింద్రాబాదులో స్టూడియో స్థాపించి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యెను. ఆయన వాడిన గాజు పలకల పద్ధతి ఏనాడో అంతరించెను. అయినను 2800కు పైగా ఆయన గాజు నెగెటివులు న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు 1989లో చేరి నేటికిని భద్రముగ నున్నవి. పలకలు తయారుచేయు విద్య పోయినను, చిత్రించిన పలకలను పారవేయని వారసుల వలన ఆనాటి హైదరాబాదు నేటికిని మనకు కనబడుచున్నది.

బదిలీ ఉత్తరువు వచ్చిన దినమున ప్రభుత్వ గృహములలో జరుగునదేమి? బరువైన సామాను అమ్ముదురు, కాగితములు చించుదురు, బొమ్మలు ఆల్బములో ఉన్నవిగదా అని నెగెటివులను పారవేయుదురు. ఆల్బములోని ప్రతి వెలిసిపోవును. తిరిగి తీయుటకు మూలముండదు. నెగెటివులను ప్లాస్టిక్ సంచులలో గాక మంచి కాగితపు కవరులలో నుంచి, చల్లని పొడి చోట దాచవలెను. వానాకాలమందు బూజు పట్టకుండ చూచుకొనవలెను. వినిగరు వంటి పుల్లని వాసన వచ్చినచో పట్టీ చెడుచున్నదని తెలిసికొని, తక్కిన వాని నుండి వేరుచేసి, వెంటనే స్కాను చేయించవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన పని ఒక్క పెన్సిలుతో జరుగును. బొమ్మలో నున్నవారెవరు, ఏ యింటి ముందు, ఏ సంవత్సరమున అని కవరుపై వ్రాయవలెను. ఈ సంగతులు చెప్పగల అమ్మమ్మలు, పెదనాన్నలు ఉండగనే వారిచెంత కూర్చుండి వ్రాసికొనవలెను. ఫిలిము ఆగిపోయినచో మరియొక ఫిలిము దొరకును. ఆ పేరులు చెప్పువారు వెడలిపోయినచో బొమ్మలోని ముఖములు అపరిచితులవగును.

రాబోవు ఆదివారము ప్రతి కుటుంబమువారును ఆ బిస్కత్తు డబ్బాను ఒకసారి తెరచుదురు గాక. అందులో చుట్టకుండిపోయిన, నేటికిని కడుగని ‘ఇందు’ చుట్ట ఏదైన కనబడినచో దానిని పారవేయవలదు. నలుపు తెలుపు ఫిలిము కడుగగలవారు ఢిల్లీలో నేటికిని కలరు. పండ్రెండింటిలో రెండు బొమ్మలు వచ్చినను చాలును. ఆ రెండింటిలో ఎవరుందురో ఎవరికి తెలియును!