క్లినిక్‌కు కంప్యూటర్ కొనేముందు

రాజంపేటలో చిన్న క్లినిక్ నడిపే డాక్టరుగారు కంప్యూటర్ కొనాలనుకుంటే, ముందు ఏ సాఫ్ట్‌వేర్ వాడబోతున్నారో తేల్చుకోవాలి. దానికి ఏం కావాలో అమ్మేవాళ్లనే అడిగి రాయించుకోవాలి. ఓపీ చీటీలకు, బిల్లులకు 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మామూలు మిషన్ చాలు. చవగ్గా వస్తుందని పాత విండోస్ 10 మిషన్ తేవద్దు. 2025 అక్టోబరు 14తో దాని మామూలు సపోర్టు ఆగిపోయింది.

నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది యూపీఎస్ మీద. మన ఎండలు, కరెంటు కోతలు తెలిసినవే కదా! కంప్యూటర్, మానిటర్, రౌటర్ మూడూ దానిమీదే ఉండాలి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం గోడ ప్లగ్గుకే తగిలించండి. లోపలి రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. థర్మల్ ప్రింటర్ టోకెన్లకు సరే, మందుల చీటీకి పనికిరాదు. ఎండకు, చెమటకు అక్షరాలు వెలిసిపోతే మందుల షాపతను ఏం చదవాలి?

2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద రోగులకు 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. మీ సాఫ్ట్‌వేర్ దాంతో కలుస్తుందో లేదో అడగండి. బ్యాకప్ డిస్కును క్లినిక్‌లోనే వదిలేయకండి. పాస్‌వర్డ్ పెట్టి, రాత్రికి ఇంటికి తీసుకెళ్లండి.