వెలివేసిన వారి మధ్యనే

సుబ్రహ్మణ్యేశ్వరుని క్షేత్రంగా పేరుపొందిన ఈ మోపిదేవిలో క్రైస్తవ విశ్వాసం గురించి నిర్భయంగా మాట్లాడుకోగలుగుతున్నాం. అలా మాట్లాడడం ప్రాణసంకటమైన రోజుల్లో ముందడుగు వేసిన ఇద్దరు బందరు యువకులను ఈ రోజు స్మరించుకుందాం.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు 1841లో బందరులో దిగారు. ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించాడు. నోబుల్ 1843లో ఇంగ్లీషు బడి పెట్టాడు. పై కులాల వారు తమ పిల్లలను అక్కడికి పంపారు. వారికి కావలసింది చదువు, దాంతో వచ్చే ఉద్యోగం. బైబిలు పాఠాన్ని ఓర్చుకున్నారు. దాదాపు తొమ్మిదేళ్ళు అలా సాగింది.

1852లో అయినాల భూషణం, మంచాల రత్నం అనే విద్యార్థులు బాప్తిస్మం కోరారు. భూషణం వెలమ, రత్నం బ్రాహ్మణుడు. ఊరు అట్టుడికింది. బంధువులు మిషన్ బంగళా దగ్గర గుమిగూడారు. బడి దాదాపు ఖాళీ అయింది. ఆ తల్లిదండ్రులను దుర్మార్గులని అనడానికి నాకు నోరు రాదు. కర్మకాండ చేయవలసిన కొడుకు, బతికుండగానే చేయి జారిపోయాడన్న దుఃఖం వారిది. కులం తప్పినవాడు ఆ రోజుల్లో పంక్తి భోజనానికీ, పెళ్ళికీ, చావుకీ కూడా పరాయివాడే. మతం మారినంత మాత్రాన ఆస్తిహక్కు పోదని 1850లో చట్టమైతే వచ్చింది గానీ, తల్లి చేతి ముద్దను ఏ చట్టమూ తిరిగి ఇప్పించలేదు.

ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. ఆ మీదట వారు చేసిన పనిలోనే వారి గట్టితనం కనబడుతుంది. పరాయి దేశానికి పోలేదు, తమను వెలివేసిన వారిని తిట్టిపోస్తూ కూర్చోలేదు. తెలుగు నేల మీదే ఉండి చదువు చెప్పారు, గురువులుగా అభిషేకం పొంది సంఘాలకు కాపరులయ్యారు. నోబుల్ కూడా ఖాళీ అయిన బడిని మూసుకుని వెళ్ళిపోలేదు. పిల్లలు మళ్ళీ వచ్చారు. 1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచి, సుమారు ముప్పై వేల మందిని పొట్టనపెట్టుకుంది. ఆ మరుసటి ఏడు నోబుల్ ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. ఆయన బడి కాలేజీగా ఎదిగింది. బ్రహ్మసమాజికులైన రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు అందులో అధ్యాపకులుగా పనిచేశారు. మన దివిసీమ బిడ్డ, కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు గారు అక్కడే చదివారు. ఒకప్పుడు ఊరు దూరం పెట్టిన బడి ఊరందరి బడి అయింది.

ఇంకో పరీక్ష సంఘం లోపలే ఎదురైంది. నోబుల్ బడి మొదట్లో పై కులాల బడి, మాలమాదిగల పిల్లలకు అందులో చోటు లేదు. ఆ తలుపు అవతలి నుంచే పాగోలు వెంకయ్య వచ్చాడు. రాఘవాపురం మాల పెద్ద ఆయన. మిషనరీని కలవకముందే విగ్రహారాధన వదిలి, నిజదేవుని కోసం వెతుకుతున్నవాడు. బెజవాడలో మిషనరీ డార్లింగ్ దొర బోధ విని 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు, తనవారిని వెంట తెచ్చాడు. కృష్ణా తీరపు సంఘాలు పల్లెల్లో, మాలపల్లెల్లో వేళ్ళూనుకున్నాయంటే అది ఆయన చలవే. ఆ మాల విశ్వాసులతో ఒకే గిన్నెలో ప్రభుభోజనం తీసుకోవడానికి పై కులం విశ్వాసికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో, ఊరిని ఎదిరించడానికీ అంతే కావలసి వచ్చింది.

విశ్వాసానికి మూల్యం నేటికీ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సీలో చేర్చారు. ఆ మూల్యం తెలిసే ఎందరో తమ విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకుంటున్నారు.

యువతీ యువకులారా, రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛ మీ పొరుగింటివారికీ మీతో సమానంగా ఉంది. వారి పూజను కించపరచే మాట మీ నోట రాకూడదు. మీ విశ్వాసాన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే దాచుకోవద్దు, ద్వేషంతో బదులివ్వవద్దు. మిమ్మల్ని కాదన్న ఇంటి పిల్లలకే చదువు చెప్పండి, మిమ్మల్ని తిట్టిన వాకిటికే ఆపదలో ముందుగా వెళ్ళండి. భూషణం, రత్నం, వెంకయ్య గార్లకు మనం చేయగల స్మరణ ఇదే.