“బాగా చదువుతున్నావా?” అన్న తర్వాత
(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పమని నన్ను పిలిచారు. బీఈడీ చదివింది, గిరిజన బాలికల హాస్టల్లో వార్డెన్‌గా ఉంది, ఈమెకు తెలిసే ఉంటుందని అనుకున్నట్టున్నారు. నాకు తెలిసిందంతా తప్పులు చేశాక తెలిసిందే. అవే చెబుతాను.

ఆదివారం మా హాస్టల్ దగ్గర చూడాలి. కొందరు జీపుల్లో వస్తారు, కొందరు తెల్లవారకముందే నడక మొదలుపెడతారు. సంచిలో ఉడికించిన కందికాయలో, పనసతొనలో, రబ్బరు బ్యాండ్లో ఉంటాయి. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంటుంది. “తిన్నావా?” “ఆఁ.” “బాగా చదువుతున్నావా?” “ఆఁ.” “మేడమ్ చెప్పినట్టు విను.” “ఆఁ.” అంతే. ఇక ఇద్దరూ గేటు వైపు చూస్తూ కూర్చుంటారు. వారమంతా ఎదురుచూసిన గంట అలా గడిచిపోతుంది. ప్రేమ లేక కాదు. కాఫీ పండ్ల కోత రోజుల్లో కూలి మానుకుని, ఛార్జీలు పెట్టుకుని వచ్చిన మనిషికి ప్రేమ లేదని ఎవరంటారు?

నాకు అర్థమైంది ఇది. మన ఇళ్లలో పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగే అలవాటు లేదు. పోడుకి నడుస్తూ, చింతపండు గింజ తీస్తూ, పొయ్యి ముందు చలి కాచుకుంటూ మాట్లాడుకుంటాం. చేతులు పనిలో ఉంటే నోట్లోంచి మాట దానంతటదే వస్తుంది. హాస్టల్‌కి వచ్చాక ఆ పని పోయింది, పనితోపాటు మాటా పోయింది.

అందుకే పోయిన ఏడాది నుంచి ఆదివారాలు వరండాలో రాజ్మా కాయల బుట్టలు పెట్టిస్తున్నాను. వంటవాళ్లకు సాయం చేయమని కాదు, వాళ్లకేమీ అవసరం లేదు. తల్లీకూతుళ్లు కలిసి ఒలవడానికి. తండ్రులకైతే పెరట్లో మొక్కలకు నీళ్లు పోసే పని. మొదట్లో “మేడమ్ మనచేత చాకిరీ చేయిస్తోంది” అని గొణిగారు కూడా. ఇప్పుడు ఒక్కోసారి భోజనం గంట కొట్టినా లేవరు.

ఇది నాకు ముందే తెలిసి ఉంటే ఎనిమిదో తరగతి అమ్మాయి విషయంలో అంత పొరపాటు జరిగేది కాదు. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చాక ఆమె ఫోన్‌లో ప్రతిసారీ “కడుపునొప్పి, ఇంటికొస్తాను” అనేది. వెనక వరసలో ఇరవై మంది నిలబడి ఉంటే ఎంత చెప్పగలదు? తల్లి “చదువు తప్పించుకోవడానికి సాకులు” అంది. తండ్రి “వస్తే గుమ్మంలోకి రానివ్వను” అన్నాడు. నేనూ “అందరికీ ఉండేదే, వెళ్లి పడుకో” అన్నాను. ఒకరోజు ప్రార్థనలో పడిపోయింది. ఆస్పత్రిలో చూస్తే రక్తం 12 ఉండాల్సిన చోట 6 ఉంది. మూడు నెలలుగా నెలసరి ఆగకుండా అవుతోందట. తండ్రి వింటాడేమోనని ఫోన్‌లో చెప్పలేదు, పిల్లలు వింటారేమోనని నాకు చెప్పలేదు. “కడుపునొప్పి” అన్నది ఆమె చెప్పగలిగిన మాట. “ఎప్పటినుంచి? ఎలా ఉంటోంది?” అని మా ముగ్గురిలో ఒక్కరం అడగలేదు. ముగ్గురం జవాబే ఇచ్చాం. ఆ అమ్మాయి కోలుకుంది, ఇప్పుడు పది చదువుతోంది. ఆమెను చూసినప్పుడల్లా నా మాట నాకు గుర్తొస్తుంది.

ఇక నా ఇంటి సంగతి. మాది కువి మాట్లాడే ఇల్లు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, లంబాడీ, ఈ 8 భాషల్లో బడి పుస్తకాలు తయారై, చిన్న తరగతులు ఇంటి భాషలో మొదలయ్యాయి. అది మంచిదని నలుగురికీ చెప్పినదాన్నే నేను. నా కూతురు పుట్టాక మాత్రం తెలుగులోనే పెంచాను. బడిలో వెనకబడకూడదని. పోయిన ఏడాది ఇంటర్ హాస్టల్ నుంచి వచ్చి, ఓ రాత్రి అంది: “అమ్మా, నువ్వు నాతో హాజరు తీసుకుంటున్నట్టు మాట్లాడతావు.”

చాలా కోపం వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే నిజమే అనిపించింది. నాకు ముద్దుచేసే మాటలన్నీ కువిలోనే ఉన్నాయి, మా అమ్మ నాతో అన్నవి. తెలుగులో నాకు బాగా వచ్చింది తరగతి గది భాష: రా, కూర్చో, చదువు, ఎందుకు చేయలేదు. ఆ భాషతో బిడ్డను పెంచాను.

మీలో చాలామంది నేను పక్కన ఉంటే పిల్లలతో వచ్చీరాని తెలుగులోకి మారిపోతారు. నా మీద గౌరవంతో అని తెలుసు. దయచేసి వద్దు. మీ భాషలోనే తిట్టండి, మీ భాషలోనే నవ్వించండి. నాకు అర్థం కాకపోయినా పరవాలేదు, అది నాకోసం కాదు కదా.

నా కూతురు ఇప్పుడు సెలవుల్లో అమ్మమ్మ దగ్గర కువి నేర్చుకుంటోంది. తప్పు పలికితే నేను దిద్దబోతాను. “మళ్లీ హాజరా?” అంటుంది. మా అమ్మ పడీపడీ నవ్వుతుంది.

వచ్చే ఆదివారం బుట్టలు సిద్ధంగా ఉంటాయి. కాస్త పెందలాడే రండి. సెలవు.