పెట్టెలో మంచు కరగకముందే

(సదస్సు ముఖ్య ప్రసంగం)

పరాయి దేశంలో పనిచేస్తూ, వారానికి ఒక్క శుక్రవారం సెలవు దొరికితే, దాన్ని కూడా ఈ సభకిచ్చి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

రాయచోటి చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. ఏ ఊరి మాటొచ్చినా నాకు ముందు అక్కడి ఆస్పత్రే గుర్తొస్తుంది. మీరేమో ఫోన్లలో పదేపదే ఒకే మాట అడుగుతున్నారు: "సార్, మన జిల్లా కేంద్రం పోయింది కదా, ఇంక మన ఊరేం గావాల?" ఆ ప్రశ్నకు నాకు తెలిసిన వైపు నుంచే, అంటే ఆస్పత్రి వైపు నుంచే, జవాబు చెప్తాను.

2022 ఏప్రిల్ 4న రాయచోటి అన్నమయ్య జిల్లాకు కేంద్రమైంది. కలెక్టరాఫీసుతో పాటు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి ఆఫీసూ వచ్చింది. మూడేళ్లు దాటి కొన్ని నెలలు గడిచాయి. 2025 నవంబరు ముసాయిదాలో మదనపల్లె వేరే జిల్లా అవుతుందన్నారు. డిసెంబరు ఆఖరుకు లెక్క మారింది. అన్నమయ్య జిల్లా పేరు నిలిచింది, కేంద్రం మదనపల్లెకు పోయింది. రాజంపేట తిరిగి కడపలో కలిసింది, రైల్వే కోడూరు తిరుపతి జిల్లాకు వెళ్లింది. కోడూరు వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లకు తిరుపతి దగ్గర, జబ్బు చేస్తే అక్కడి రుయా ఆస్పత్రికో స్విమ్స్‌కో పోయేవాళ్లే. రాయచోటికి మాత్రం కడుపుకోతే. నాకూ బాధగానే ఉంది.

ఈ జిల్లా గీతలు మారడం మనకు కొత్త కాదు. 1911 దాకా రాయచోటి, మదనపల్లె రెండూ కడప జిల్లాలోనే ఉండేవి. ఆ ఏడాది చిత్తూరు జిల్లా పుట్టి మదనపల్లె అటు పోయింది. మళ్లీ మనతో కలవడానికి 111 ఏళ్లు పట్టింది. మధ్యలో ఏం జరిగిందో చూడండి. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం తెరిచారు. దాని పేరులోనే 'యూనియన్ మిషన్' అని ఉంది. ఒక్కొక్క క్రైస్తవ మిషన్ విడిగా మోయలేని ఖర్చును కొన్ని మిషన్లు కలిసి మోశాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని పెంచి పెద్దచేశారు. మన దేశంలో క్షయకు వేసే బీసీజీ టీకా పని 1948లో మొదలైనప్పుడు, మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. మా అవ్వ కాలంలో దగ్గుతో రక్తం పడిందంటే మా పల్లెలో "శానిటోరియానికి తీస్కపోండి" అనేవాళ్లు. అది కడప జిల్లానా, చిత్తూరు జిల్లానా అని అడిగినవాడు లేడు.

ఇలా కలిసి మోసేవాళ్లు విడిపోతే ఏమవుతుందో ఇంకో చోట చూడండి. అదే 1948లో అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో, ఆడమ్స్, అరపాహో లాంటి కౌంటీలు కలిసి ఒక ఉమ్మడి ఆరోగ్య శాఖ పెట్టుకున్నాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. తర్వాత డగ్లస్ కౌంటీ కూడా చేరింది. కోవిడ్ రోజుల్లో బడి పిల్లలకు మాస్కులు పెట్టాలా వద్దా అన్న తగువు ముదిరి 2021లో డగ్లస్ బయటికి పోయింది. వెనకే ఆడమ్స్ కూడా పోతానంది. 2022 డిసెంబరు 31తో ఆ శాఖ మూతపడింది. డెబ్భై ఏళ్లు దాటి నిలిచిన ఇల్లు అది. అక్కడ వేరుపడటానికి ఏడాదికి పైగా వ్యవధి దొరికింది. మనకు రోజుల్లో అయిపోయింది. వేరుపడే హక్కు ఎవరికైనా ఉంది. కానీ ఉమ్మడి కుటుంబం పంపకాలప్పుడు గిన్నెలూ చెంబులూ లెక్కపెట్టినట్టు, ఆరోగ్య శాఖ పంపకంలో కూడా ఏది ఎవరి చేతికి పోతోందో లెక్కపెట్టాలి. ఆ పంపకంలో లెక్క తప్పితే నష్టపోయేది ఆఫీసర్లు కాదు.

ఎవరో చెప్తాను. 1989 మే నెల. కడప స్టోరు నుంచి టీకాలు తీసుకుని బస్సెక్కాను. బానెట్ వేడి తగలకుండా పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. లోపల మంచు ప్యాకులు, వాటి మధ్య పోలియో చుక్కల మందు సీసాలు. గువ్వలచెరువు ఘాట్‌లో లారీ అడ్డం పడింది. అయిదు గంటలు కదల్లేదు. రాయచోటిలో మూత తీసేసరికి మంచు నీళ్లయింది, ఆ నీళ్లూ గోరువెచ్చగా ఉన్నాయి. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చెడిందో లేదో చెప్పే రంగు గుర్తు అప్పట్లో సీసా మీద లేదు. అన్నీ పారబోశాం. మరునాడు సంబేపల్లె మండలంలో ఒక చింతచెట్టు కింద, పిల్లల్ని చంకనేసుకుని కూర్చున్న తల్లుల్ని "వచ్చే వారం రండమ్మా" అని పంపేశాను. వచ్చే వారం సగం మందే వచ్చారు. ఒక రోజు కూలి పోగొట్టుకున్న తల్లి రెండో రోజు కూడా పోగొట్టుకోలేదు. రాని ఆ సగం మంది ముఖాలు నన్నింకా వదల్లేదు.

కడప నుంచి రాయచోటికి దారిలో ఒక లారీ పడితేనే అంత జరిగింది. ఇప్పుడు దారే మారింది. మందుల స్టోరు, కళ్లె పరీక్ష రిపోర్టు, గర్భిణుల రిజిస్టరు అన్నీ కొత్త దారి పట్టాలి. క్షయకు మందు కనీసం ఆరు నెలలు మానకుండా మింగాలి. రాజంపేటలో మూడో నెలలో ఉన్న రోగి కాగితాలు రాయచోటి నుంచి కడపకు చేరేలోపు ఆ మనిషి మందు ఆపేస్తే, మొండి క్షయను మనమే తెచ్చిపెట్టినట్టు. ఈ సంగతి మీకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఈ దేశానికి పనికి రాకముందు అందరూ వీసా కోసం మెడికల్ పరీక్ష చేయించుకున్నవాళ్లే. ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడి 'అన్‌ఫిట్' అయిన చిన్నాన్నో బావమరిదో ప్రతి ఇంట్లో ఉన్నాడు.

కేంద్రం తిరిగి రావాలని అడగండి, మీ హక్కు. నేనూ మీతో సంతకం పెడతాను. అయితే ఆ పోరాటం తేలేదాకా ఆస్పత్రిని ఆగమనలేం. జబ్బుకు మదనపల్లె దగ్గరైతే మదనపల్లె, కడప రిమ్స్ దగ్గరైతే రిమ్స్. ఏ జిల్లా రోగి అని అడక్కుండా చూసే ఒప్పందం మూడు జిల్లాల కలెక్టర్లు కూర్చుని రాసుకోవాలి. స్టోరు, ల్యాబు, అంబులెన్సు పాత జిల్లా పరిధిలో ఎలా నడిచేవో, కొత్త ఏర్పాటు పూర్తిగా కుదిరేదాకా అలాగే ఉమ్మడిగా నడవాలి.

ఈ ఏడాది ఈ సభ పెట్టిన మన సంఘం ఊరికి ఆర్చి కట్టిద్దామని అనుకుంటోందని విన్నాను. పెద్దలు మన్నించాలి, ఆర్చి ఒక ఏడాది ఆగినా నష్టం లేదు. సెలవుకు పోయినప్పుడు రాయచోటిలో వీరభద్రస్వామి దర్శనం చేసుకుని, అక్కణ్ణించి నేరుగా ఏరియా ఆస్పత్రికి పోండి. టీకాలు ఏ స్టోరు నుంచి వస్తున్నాయి, కరెంటు పోతే ఫ్రిజ్ ఎన్ని గంటలు ఆగుతుంది, క్షయ రోగుల పేర్లు ఏ జిల్లాలో నమోదయ్యాయి అని అడగండి. జవాబు రాసుకుని రండి. వచ్చే సభలో ఈ మైకు ముందు మీరు నిలబడి చదవండి, నేను కింద కూర్చుని వింటాను.