పాలబండి వేగం - సెల్‌ఫోను హెచ్చరిక

(రాజంపేటలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘాల పాలను తీసుకువెళ్లే వ్యాన్లలోనూ, ఆటోలలోనూ, క్యాన్లు కట్టుకుని వచ్చే మోటారు సైకిళ్ల మీదనూ ఇప్పుడు ఒక సెల్‌ఫోను బిగించి ఉంటున్నది. అందులో దారి చూపే యాప్ ఉంటుంది. అది బండి వేగాన్ని అంకెలలో చూపుతుంది. పరిమితి మించితే ఆ అంకె రంగు మారుతుంది, లేదా ఫోను కూత పెడుతుంది. ముందర కెమెరా ఉన్నదని కూడా చెబుతుంది. ఇది డ్రైవరుకు మేలా, కీడా, పాలబండిలో ఉంచమంటారా, తీయించమంటారా అని కొందరు కార్యదర్శులు మమ్ములను అడిగారు.

మా అభిప్రాయం ముందే చెబుతాము. చెవికి వినిపించే హెచ్చరిక మంచిదే. కంటితో చూడవలసిన హెచ్చరిక ప్రమాదము. అయితే పాలబండి ఎంత వేగంతో పోవాలన్నది ఎక్కువ భాగం ఫోనులో కాక మన సంఘం గుమ్మం దగ్గర నిర్ణయమవుతున్నది. దానిని గురించి చివర మాట్లాడుకుందాము.

వేగం సంగతి చిన్నది కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. అందులో నూటికి 71 మంది మరణాలకు కారణం అతివేగమని వ్రాశారు. కనుక వేగం మించినప్పుడు గుర్తు చేసే సాధనం ఏదైనా వద్దనడానికి లేదు. 2019 జూలై 1 తరువాత మన దేశంలో తయారైన కార్లలో ఈ ఏర్పాటు కంపెనీవారే పెడుతున్నారు. గంటకు 80 కిలోమీటర్లు దాటితే ఉండి ఉండి కూత వస్తుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. యూరపు యూనియన్ దేశాలలో 2024 జూలై నుండి అమ్మే కొత్త కార్లన్నిటిలో, ఆ రోడ్డు పరిమితిని బండే తెలుసుకుని డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఇవి బండిలోనే అమర్చినవి. డ్రైవరు వాటిని వెతుక్కోనక్కర లేదు, వేలితో తాకనక్కర లేదు.

ఫోను అట్లా కాదు. వేగం చూపే ఆ ఫోనులోనే సంబంధీకుల పిలుపులు, వాట్సాప్ సందేశాలు, పాటలు అన్నీ ఉంటాయి. వేగం అంకె చూడబోయిన కన్ను సందేశం మీద పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోతుంది. ఫోను వంక రెండు సెకన్లు చూస్తే 33 మీటర్ల దూరం డ్రైవరు చూడకుండా నడిపినట్లే. నందలూరు దగ్గర సాయంత్రం ఎనుములు ఇంటికి మళ్లే వేళ ఆ 33 మీటర్లలో ఏమేమి అడ్డం వస్తాయో మీకు మేము చెప్పనక్కర లేదు. బండి నడుపుతూ ఫోను వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం వాడనివారికన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

చట్టం కూడా ఇదే గీత గీసింది. 2020 అక్టోబరు నుండి అమలులో ఉన్న కేంద్ర నియమం ప్రకారం నడిపేటప్పుడు ఫోనును దారి తెలుసుకోవడానికి మాత్రమే వాడవచ్చు. అదీ డ్రైవరు ధ్యానం చెదరకుండా వాడాలి. ఫోను చేతపట్టి నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను క్రింద మొదటిసారికే 1,000 నుండి 5,000 రూపాయల వరకు జరిమానా గాని, ఆరు నెలలకు తక్కువ కాని జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

ఇక కెమెరా సంగతి. కెమెరా ముందు బ్రేకు వేసి, దాటగానే మళ్లీ తొక్కడానికి ఈ యాప్‌ను వాడేవారున్నారు. అటువంటివారికి యాప్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. జర్మనీలో నడుపుతూ కెమెరాల జాడ చెప్పే యాప్ వాడడమే నేరము.

అన్నిటికన్నా ముఖ్యమైనది, యాప్‌కు తెలియని విషయాలు చాలా ఉన్నాయి. దానికి తెలిసినది రోడ్డు పేరు, ఆ రోడ్డుకు వ్రాసి ఉన్న అంకె, అంతే. బండిలో ఏమున్నదో దానికి తెలియదు. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ట్యాంకరును గంటకు 60 కిలోమీటర్లు మించకుండా స్పీడ్ గవర్నరుతో కట్టడి చేయాలి. యాప్ ఆ రోడ్డు మీద కార్లకు ఉన్న పరిమితినే చూపి ఊరకుంటుంది. అది కూత పెట్టలేదు గదా అని ట్యాంకరు డ్రైవరు ధీమా పడితే పొరపాటు. సగం నిండిన ట్యాంకరులో పాలు మలుపు దగ్గర ఒక ప్రక్కకు ఒరుగుతాయి. నిండు ట్యాంకరు కన్నా సగం ట్యాంకరు మొండిదని పాత డ్రైవర్లు ఊరకే అనరు. కోడూరు దాటి రేణిగుంట వైపు అడవి మలుపులలో దిగేటప్పుడు ఇది గుర్తుండాలి.

2025 జూలై 13వ తేదీ రాత్రి పుల్లంపేట మండలం రెడ్డిపల్లి చెరువు కట్ట మీద మామిడికాయల లారీ బోల్తాపడి తొమ్మిది మంది కూలీలు మరణించిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. కాయలు కోసి, ఆ లోడు మీదనే కూర్చుని తిరిగి వస్తున్నవారు వారు. ఎదురుగా వచ్చిన కారును తప్పించబోగా లారీ అదుపు తప్పిందని డ్రైవరు చెప్పినట్లు పత్రికలలో వచ్చింది. లోడు మీద మనుషులున్నారని గాని, కట్ట ఇరుకని గాని ఏ ఫోనూ చెప్పదు. క్యాన్ల వ్యాను వెనుక మనుషులను ఎక్కించుకునే అలవాటు మన దారులలోనూ కొన్నిచోట్ల ఉన్నది. దానిని మాన్పించవలసినది మీరే.

ఇప్పుడు గుమ్మం దగ్గరి సంగతి. మన డ్రైవర్లు సరదాకు తొక్కడం లేదు. ఎండాకాలంలో పాలు చల్లబరచే కేంద్రానికి చేరడం ఆలస్యమైతే విరుగుతాయి. విరిగిన పాలకు మాట పడేది డ్రైవరే. రాజంపేట నుండి కడప యాభై కిలోమీటర్ల పైచిలుకు. యాభై కిలోమీటర్లను 60 వేగంతో పోతే 50 నిమిషాలు, 80 వేగంతో పోతే 37 నిమిషాల చిల్లర పడుతుంది. ప్రాణాలకు తెగించి తొక్కితే మిగిలేది పన్నెండు, పదమూడు నిమిషాలు. దారిలో స్పీడ్ బ్రేకర్లు, ఊళ్లు ఉన్నాయి కనుక అంత కూడా మిగలదు. ఒక దారిలో ఆరు సంఘాలుంటే, ఒక్కొక్క సంఘం వద్ద బండి రెండు నిమిషాలు తక్కువ ఆగితే ఆ పన్నెండు నిమిషాలు ఇక్కడనే మిగులుతాయి. బండి వచ్చి హారను కొట్టిన తరువాత చెంబు పట్టుకుని వచ్చే సభ్యులు, "మా పాలు కూడా పోయించుకోండన్నా" అని నిలిపే సభ్యులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారి కోసం ఆగిన నిమిషాలను డ్రైవరు రోడ్డు మీద పూడ్చుకుంటున్నాడు.

కాబట్టి బండ్లకు మేము చెప్పేది ఇది. ఫోనును అద్దానికి అడ్డం రాకుండా, చూపు రోడ్డు నుండి ఎక్కువ దిగకుండా బిగించాలి. బయలుదేరకముందే దారి పెట్టుకుని, కూత పెంచుకుని, సందేశాలు ఆపివేయాలి. అడవిలో సిగ్నలు ఉండదు కనుక పటం ముందే దింపి ఉంచుకోవాలి. దారిలో ఫోనును తాకవలసి వస్తే బండి ప్రక్కకు ఆపవలసినదే. బండి దారిలో ఉన్నప్పుడు కార్యదర్శులు డ్రైవరుకు ఫోను చేయవద్దు. "ఎక్కడ ఉన్నావు" అని మనం అడిగే ప్రశ్నే అతని కన్ను మళ్లిస్తుంది. మోటారు సైకిలు మీద పాలు తెచ్చే పిల్లలకు ఫోను హ్యాండిలుకు అసలే వద్దు. హెల్మెట్ తప్పనిసరి.

సమావేశం ముగిసిన తరువాత దారులవారీగా కూర్చొని, ఉదయం, సాయంత్రం మీ సంఘంలో పాలు పోయడం ఎన్ని గంటలకు ముగించగలరో, బండి ఎన్ని నిమిషాలు ఆగితే చాలునో వ్రాసి ఇవ్వండి. కాగితాలు కార్యదర్శుల వద్ద ఉన్నాయి. ఆ వేళలను చూసి దారుల పట్టిక మళ్లీ తయారు చేస్తాము.