వానపాముల బుట్టయు, ముసురు నీగలును



ఈగను గుఱించి కూడ నుపన్యాసమా యని మీలో గొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు గాని, నేను చెప్పునది కొంత వినుడు. మన పల్లెలలో పుట్టి చదువుకొని పోయిన పిల్లలలో నెందఱో నేడు హైదరాబాదునకు పడమటనున్న మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్రాంగూడ ప్రాంతములలో కాపురముండి కంప్యూటరు కొలువులు చేయుచున్నారు. ఆ సీమను హైటెక్ సిటీ యనియు, సైబరాబాదు అనియు పిలుతురు. 1998లో సైబర్ టవర్సు అను సౌధమునకు ప్రారంభోత్సవము జరుగకమునుపు అచ్చట విస్తారముగా నుండినవి బండరాళ్లును, తుప్పలును. ఇప్పు డచ్చట ముప్పదేసి యంతస్తుల మేడలు లేచినవి. కొడుకును, కోడలిని, మనుమలను చూచి రెండు నెలలుండి వచ్చుటకు మీరును పోవుచుందురు. పోయినప్పుడు బాల్కనీలో నొక మూల మూతవేసిన తొట్టి యొకటి మీ కంటబడి యుండవచ్చును. అదియే నేడు మన ప్రస్తావము.

చెత్తను తడి, పొడి యని వేఱుచేయుటకై 2015లో నగరపాలక సంస్థవారు ఇంటింటికి పచ్చబుట్ట యొకటి, నీలిబుట్ట యొకటి పంచిరి. మఱుసటి యేట భారత ప్రభుత్వము ప్రకటించిన నిబంధనలు, 5000 చదరపు మీటర్లకు మించిన గృహసముదాయములు తమ తడిచెత్తను సాధ్యమైనంతవఱకు తమ యావరణముననే ఎరువుగానో, వాయువుగానో మార్చుకొనవలయునని విధించినవి. అట్లు మార్పనిది బండ్లకెక్కి నగరమునకు ఈశాన్యమున నున్న జవహరునగరపు గుట్టకు చేరుచు వచ్చినది. ఆ గుట్ట పొరుగున కాపురమున్నవారి నడిగినచో దాని గాలి యెట్టిదో చెప్పుదురు. ఇది తలచుకొని సిగ్గుపడిన కొందఱు గృహస్థులు తమ వంటింటి తొక్కలను తామే ఎరువు చేసికొందమని వానపాములను తెచ్చుకొనిరి. తొట్టి అడుగున రంధ్రములు, లోపల తడిపిన కొబ్బరిపొట్టు, చింపిన వార్తాపత్రికలు, వానినడుమ అరకిలో పాములు. ఇవి వాన వెలిసినపిదప మన చేలలో కనబడు లోతుమట్టి పాములు కావు. పైపొరలో కుళ్లిన పదార్థము దిని బ్రదుకు జాతులు. ఎఱ్ఱని ఐసీనియా ఫెటిడా, ఆఫ్రికానుండి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే, మన దేశపుదే యగు పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ అనునవి వానిలో ముఖ్యములు. మూడు నాలుగు నెలలకు టీపొడివంటి నల్లని యెరువు చేతికివచ్చును. అంతవఱకు బుట్ట నిలిచినయెడల!

నేను చూచినంతవఱకు, బుట్టను ఇంటినుండి వెడలగొట్టుచున్న శత్రువు ఆవగింజంత యీగ.

పల్లెలలో నీ బాధ యేల కానరాదు? పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ అను పరిశోధనాలయమువారు 1999 మొదలు రంగారెడ్డి జిల్లా కొత్తపల్లెలో నీటి పరిరక్షణ కార్యము నడపిరి. అచ్చట మహిళాసంఘములవారు వానపాముల యెరువు చేయ నేర్చిరి. వయ్యారిభామ యని మనము తిట్టుకొను కలుపును, గ్లిరిసిడియా యాకును, పేడను పాములకు మేతగా వేసిరి. ఈ మేతలో తీపి లేదు. పేడను, ఆకును ముందుగా కొన్ని దినములు మాగనిచ్చి పిదప పాములకు పెట్టుదురు. ఇక పట్టణపు బాల్కనీలో పడునవి మామిడి తొక్కలు, అరటి తొక్కలు, కర్బూజా చెక్కలు. ఇవి ఒకదినములోనే పులియనారంభించును. పులుపు వాసనయే ఈగకు పిలుపు. అసలు ఈ యీగ తినునది పండును కాదనవచ్చును. పండుమీద పులియు శిలీంధ్రమును, అనగా ఈస్టును, తినును. కల్లుముంత చుట్టు ముసురునదియు నిదియే. కాబట్టి పల్లెకు పట్టణమునకు నడుమనున్న భేదము శుభ్రతలోనిది కాదు, మేతలోనిది. ఇది గ్రహింపక చాలమంది బుట్టను కడిగి కడిగి పాములను చంపుకొనుచున్నారు.

ఈగలు రెండు తెగలవి. మందు వేయుటకు ముందు రోగ మేదో తెలియవలయును గదా. ఒకటి పండ్ల యీగ. తేనెరంగు దేహము, ఎఱ్ఱని కన్నులు, మూత తీయగానే పైకెగసి ముఖముచుట్టు తిరుగును. రెండవది నుసుమ. నల్లనిది, కాళ్లు పొడవు, చూపునకు చిన్న దోమవలె నుండును. ఎగురుటలో బలహీనము, తొట్టి యంచులమీదను, తడిమట్టిమీదను పరుగులిడును. రెండును కఱవవు. పండ్ల యీగకు మఱియొక కీర్తి కలదు. అమెరికాలో టామస్ హంట్ మోర్గన్ అను శాస్త్రజ్ఞుడు 1910లో ఈ యీగలను సీసాలలో పెంచుచు తెల్లకన్నుల యీగ నొకదానిని కనుగొని, తండ్రి తల్లుల లక్షణములు బిడ్డలకు సంక్రమించు మార్గమును విప్పిచెప్పెను. 1933లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఆయన దానినే యేల యెన్నుకొనెనన్న, అది అంత శీఘ్రముగా సంతానము పొందును గనుక. ఇరువదియైదు డిగ్రీల వేడిలో గ్రుడ్డు పెట్టిన దినమునుండి పదిదినములలో క్రొత్త యీగ రెక్కలు విప్పును. ఒక్క ఆడుయీగ తన జీవితకాలమున వందలకొలది గ్రుడ్లు పెట్టగలదు. పరిశోధకునికి వరమైనది ఇల్లాలికి శాపమైనది.

ఈ సందర్భమున నొక సంగతి చెప్పవలయును. వానకాలపు దినములలో ఒక గృహసముదాయమున ఒక పసివానికి డెంగీ జ్వరము తగిలినది. మూడవ యంతస్తున వానపాముల బుట్ట నుంచుకొన్న ఇల్లాలిపై నెపము వచ్చినది. ఆమె బాల్కనీనుండియే దోమలు పుట్టుచున్నవని పొరుగువా రనిరి. సంఘమువారు వారము దినములలో బుట్టను తీసివేయవలెనని నోటీసిచ్చిరి. వారి భయమును నేను తప్పుపట్టను. జ్వరముతో మూలుగు బిడ్డ ఎదుటనున్నప్పుడు ఎవరైన నేదో యొకదానిని వెదకుదురు. ఆమె కోరగా పోయి చూచితిని. బుట్టనుండి లేచుచున్నవి పండ్ల యీగలును, నుసుమలును. డెంగీని మోయు ఈడిస్ దోమ కుళ్లిన తొక్కలలో పుట్టదు; నిలిచిన తేటనీట పుట్టును. బుట్టక్రింద కాఱిన నీటిపళ్లెమును వెలుగునకు పట్టి చూచితిని; అందు దోమపురుగులు లేవు. మెట్లప్రక్క క్రోటను కుండీల పళ్లెములలో మాత్రము అవి తలక్రిందులుగా వ్రేలాడుచుండెను. సంఘమువారికి చూపగా కుండీల పళ్లెములను తీయించిరి; బుట్టకు వారముగడువు నెలగడు వయ్యెను. ఈగలు తగ్గకున్నచో అది పోవలసినదే. (బుట్టక్రింది పళ్లెమునైనను నమ్మరాదు. నాలుగు దినముల కొకమారు దానిని పాఱబోసి తుడిచి మరల పెట్టవలయును.)

ఆ నెలలో చేసిన పనులు ఇవి.

మొట్టమొదట పదునైదు దినములు మేత పూర్తిగా మానివేయించితిమి. ఇల్లాలు పాములు మాడిపోవునేమో యని బెంగపెట్టుకొనెను. మాడవు. కొబ్బరిపొట్టు, కాగితము, సగము కుళ్లిన పాతమేత వానికి చాలును. ఈగ జన్మచక్రము పదిదినములు గనుక, క్రొత్తగా గ్రుడ్లు పెట్టుటకు చోటు లేకున్నచో పదునైదు దినములలో నొక తరము తెగిపోవును. ఆ బుట్టలో ఈగలు పుట్టుటకు కారణము దురాశ గాదు, వాత్సల్యము. పాములు తమ యెత్తులో సగమువఱకు దినమునకు తినగలవని పుస్తకములలో చదివి ఆమె దానికి రెట్టింపు వేయుచుండెను. ఆ లెక్క పాతబడిన బుట్టకు, చల్లని నీడకు, మెత్తని మేతకు చెప్పినది. క్రొత్తబుట్టలో అరకిలో పాములకు దినమునకు నూఱు, నూటయిరువది గ్రాములు చాలును. నిన్నటి మేత కనబడుచుండగా నేటిమేత వేయరాదు.

తరువాత, పైకి కనబడుచున్న తొక్కలనన్నిటిని ఒక ప్రక్కగా గుంటచేసి పూడ్చి, వానిపై మూడు వ్రేళ్ల మందమున ఎండుటాకుల పొడిని, చింపిన కాగితమును పఱచితిమి. దానిపై గోనెపట్టా ముక్క. ఈగ పైనుండి వాసనను పసిగట్టినను గ్రుడ్డుపెట్టుటకు తొక్కను చేరలేదు. నా యనుభవములో అన్ని యుపాయములలోను దీనికి సాటి వచ్చునది లేదు, ఖర్చును లేదు. మూతకున్న గాలిరంధ్రములకు పలుచని మల్లుగుడ్డ కట్టితిమి. దోమతెర కన్నములు ఇంత చిన్న యీగ చొఱకుండ నాపునని నమ్మరాదు.

ఈగ బుట్టలోనికి వచ్చుట మూత తెఱచినప్పుడే యనుకొందురు. చాలమా రది అంగడినుండియే వచ్చును. అరటిపండ్ల గెల వ్రేలాడునప్పుడే తొక్కమీద, ముచ్చికదగ్గఱ ఈగ గ్రుడ్లు పెట్టియుండును. ఆ తొక్కను తెచ్చి వెచ్చని తొట్టిలో వేయుట, పొదుగుటకు వేయుటయే. కాబట్టి పండ్ల తొక్కలను రెండు దినములు రిఫ్రిజిరేటరులోని మంచు అఱలో ఉంచి, తీసి, చల్లదనము పోయినపిదప బుట్టలో వేయవలయును. మంచు అఱ లేనివారు మరుగునీళ్లు పోసి చల్లార్చి వార్చివేసినను సరిపోవును. రెండు విధములను గ్రుడ్లు చచ్చును. పైగా తొక్క మెత్తబడి పాములకు సులభముగా నోటికందును.

రెక్కలు వచ్చి తిరుగుచున్నవానికి ఎర పెట్టితిమి. గాజుగ్లాసులో రెండంగుళములు సిర్కా పోసి, సబ్బునీటి చుక్క రెండు కలిపి, కాగితమును గరాటుగా చుట్టి ముక్కు లోపలికి వచ్చునట్లు నిలుపుట. వాసనకు లోనికి దిగినది గరాటు దారిని తిరిగి కనుగొనలేదు. సబ్బువలన నీటిపై నిలువలేక మునుగును. ఆ యింట నల్లగొండ జిల్లానుండి వచ్చియున్న తాతగారు ఇదంతయు కనిపెట్టి చూచుచుండి, కల్లుముంతకు ఈగను పిలువవలయునా యని నవ్విరి. పది నిమిషములుగా నేను కోడలికి నచ్చజెప్పుచున్నది ఆయన ఒక్కమాటలో తేల్చిరి. ఆ దినమునుండి గ్లాసులోని యీగల లెక్క ఆయనదే. మొదటి యుదయమున అఱువది దాటినవి. నాలుగవ వారమున రెండో, మూడో. అయితే ఎర యొక్కటియే చాలునని తలంపరాదు. అది పుట్టినవానిని పట్టును గాని పుట్టుక నాపదు.

నుసుమల మాట వేఱు. వానికి తీపితో పనిలేదు, సిర్కాకు రావు. వాని పురుగులు పైనున్న రెండు మూడంగుళముల తడిపొరలో బూజును, కుళ్లును తిని మూడు నాలుగు వారములలో పెరుగును. అందుచేత పైపొర నాఱనిచ్చుటయే మందు. పిడికిట పట్టి పిండినచో ఒకటి రెండు చుక్కలకంటె రాలరాదు. ధారగా కాఱినచో పొడికాగితము, కొబ్బరిపొట్టు కలిపి, పగలు రెండు గంటలు వెలుతురులో మూత తీసియుంచవలయును. పాములు వెలుతురునకు జడిసి క్రిందికి దిగును; పైపొర ఆఱును. పసుపుపచ్చని అట్టముక్కకు ఆముదము పూసి తొట్టియంచున నిలిపిన నుసుమలు దానికంటుకొనును. ఇన్నిటికిని లొంగనిచో బి.టి.ఐ. అను సూక్ష్మజీవి కలదు. 1976లో ఇస్రాయేలులోని నెగెవ్ ఎడారిలో దొరకినది. దోమపురుగులను చంపుటకు వాడుదురు. దీనిని నీటిలో కలిపి పైపొరపై చల్లిన నుసుమపురుగుల కడుపులో మాత్రమే విషమగును. వానపాములకు హాని లేదు.

విషపు చల్లుడుమందుల జోలికి మాత్రము పోరాదు. ఒక యింటివారు విసిగి బొద్దింకల మందు డబ్బాను బుట్టపై ప్రయోగించిరి. తెల్లవాఱుసరికి ఈగలు కొన్ని మిగిలినవి; పాములు మిగులలేదు. వానపాము చర్మముతో గాలి పీల్చును గనుక దానికి తప్పించుకొను మార్గము లేదు. ఉప్పు, మెండుగా బూడిద, సున్నము వేయుటయు నట్టిదే.

అప్పుడప్పుడు బుట్టలో వ్రేలి గోరంత బూడిదరంగు పురుగులు గుంపుగా కనబడి గృహస్థులు దడుచుకొందురు. అవి నల్లసైనికపుటీగ యను వేఱు జాతి పిల్లలు. మనుష్యులకు కీడు చేయవు. పాముల మేతను మాత్రము పంచుకొనును. మేతయు, తడియు ఎక్కువైనవని వాని భావము. ఏఱి కోళ్లకు వేయవచ్చును. పన్నెండవ యంతస్తున కోడి యెక్కడిదని మీరడుగుదురు; అదియు నిజమే.

ఆ యిల్లాలి బుట్ట నిలిచినది. సంఘమువారు నెల నిండినదినమున వచ్చి మూత తీయించి ముక్కు దగ్గఱగా పెట్టి చూచి, మట్టివాసనయే గదా యని పోయిరి. మెట్లప్రక్క కుండీలకు ఇప్పుడా యెరువే పోయుచున్నారు.

ఇక కాలమును గుఱించి. రోహిణి యెండలలో హైదరాబాదున నలువది డిగ్రీలు దాటును. ముప్పది దాటిన వేడిలో మగయీగలు సంతానశక్తి కోల్పోవును. కావున ఆ దినములలో ఈగలు తగ్గి, మనవారు జయించితిమని మూతపై జాగ్రత్త మానివేయుదురు. ఆ దినములలో భయము పాములకే. ముప్పదియైదు దాటిన వానికి ప్రాణగండము. తొట్టిని పడమటి బాల్కనీనుండి తీసి లోపలి నీడను పెట్టి, తడిగోనె కప్పవలయును. మృగశిర కార్తె చొచ్చి తొలకరి చినుకులు పడి చల్లబడగానే ఈగ మరల వచ్చును. అప్పుడు ఎండుటాకు వెదకిన దొరకదు, ఉన్నదంతయు తడిసియుండును. వైశాఖములోనే వేపయాకో, కానుగయాకో రెండు గోనెసంచుల నిండ ఎండబెట్టి మూతిగట్టి యుంచుకొనవలయును. పట్టణమునకు పోవునప్పుడు మన దొడ్డినుండి ఒక సంచి తీసికొని పోయినను కొడుకు, కోడలు కాదనరు.