చంక వాసనకి ఆపరేషనా? ఒక్క నిమిషం ఆగండి!

ఉద్యోగం చేసే రోజుల్లో ఆఫీసు లిఫ్టులో చేతులు బిగబట్టుకుని నిలబడేవాణ్ణి. డియోలు మార్చీ మార్చీ విసిగిపోయి, ఆపరేషనే చేయించుకుందామని స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్లా.

చెమట బయటికొచ్చినప్పుడు పెద్దగా వాసనే ఉండదట. చంకలో అపోక్రైన్ గ్రంథుల నుంచి వచ్చేదాన్ని బాక్టీరియా విడగొడితేనే ఆ కంపు. ఆపరేషన్‌లో ఆ చోటు వరకే మత్తిచ్చి, చిన్న గాటు పెట్టి, చర్మం కింది గ్రంథుల్ని తీసేస్తారు. చిన్నదే. కానీ కొన్ని రోజులు చేతులు ఎత్తకూడదు. లోపల రక్తం చేరొచ్చు, మచ్చ మిగలొచ్చు, కొందరికి వాసన మళ్లీ రావచ్చు కూడా.

"ముందు రాత్రిపూట యాంటీపెర్‌స్పిరెంట్, స్నానంలో బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ వాడి చూడు" అన్నారాయన. ఆ వాష్‌తో తువ్వాళ్ల రంగు పోయింది, అమ్మ తిట్లు ఎక్స్‌ట్రా! రెండు నెలలకి మెట్రోలో పైన హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డా.